మా సందులో ఎనిమిది మంది పోలీసులు

2008 ఆగస్టు మూడో తేదీ, ఆదివారం, ఉదయం ఆరూ పది నిమిషాలకు మా ఆవిడ పోనియా, మేముండే మెలాతి సందులో ఎనిమిదో పోలీసు మీద సైకిలుతో సహా పడింది. పది సీసాల్లో నాలుగు పగిలాయి. కుడి మణికట్టు బెణికింది.

పోలీసంటే మనిషి కాదు. బళ్ల వేగం తగ్గించడానికి దారికి అడ్డంగా పోసిన సిమెంటు గట్టు. మా యోగ్యకర్తలో దాన్ని పడుకున్న పోలీసు అంటారు. మా సందు పొడవు రెండు వందల పది మీటర్లు, వెడల్పు రెండు. ఒక చివర పెద్ద రోడ్డు, రెండో చివర ఏట్లోకి దిగే మెట్లు. ఇళ్లు నలభై ఒకటి, మోటారు సైకిళ్లు ముప్ఫై ఆరు, పోలీసులు ఎనిమిది మంది. మొదటివాడు బజ్జీలమ్మే లాస్మి వాళ్ల పిల్లి బండి కింద పడినప్పుడు వచ్చాడు. మూడోవాడు ఒక కోడి పోయాక వచ్చాడు. నాలుగోవాడు ఎందుకొచ్చాడో ఎవరికీ గుర్తు లేదు. ఒక ఆదివారం సందంతా కలిసి మురిక్కాలవ బాగుచేస్తే సిమెంటు మిగిలిందని కొందరంటారు.

ఎనిమిదోవాడు వచ్చి అప్పటికి వారం. బావి మలుపు తిరగగానే హార్దోనో గారి గుమ్మం ముందు ఉంటాడు. హార్దోనో గారు సైన్యంలో గుమాస్తాగా చేసి రిటైరయ్యారు. జూలైలో ఆయన మనవరాలు సెకర్, నాలుగేళ్ల పిల్ల, గుమ్మం దిగుతుంటే ఒక మోటారు సైకిలు పాదం మీంచి పోయింది. ఎముక చిట్లింది. మిగతా గట్ల ఎత్తు ఆరు సెంటీమీటర్లు. ఇది పన్నెండు.

దానికి సిమెంటు కలిపింది నేను. "ఏవోయ్ తుకీరన్, రేపు ఓ చెయ్యేస్తావుగా?" అన్నారు హార్దోనో గారు. "అలాగేనండీ" అన్నాను. నేను ఎవరేమడిగినా అలాగే అనే మనిషిని. ఆ రోజు పోనియా చెల్లెలింటికి వెళ్లింది. తిరిగొచ్చాక నేను చెప్పలేదు.

చప్పుడు విని పరిగెత్తాను. ఆమె గట్టు పక్కన కూర్చుని ఉంది. పసుపు, చింతపండు కషాయం గట్టుకి రెండు వైపులా కారుతోంది. హార్దోనో గారు చీపురు పట్టుకుని బయటికొచ్చారు.

"పడ్డావా అమ్మా?"

"లేదండీ. పాపం ఈయన ఒక్కడే పడుకున్నాడు కదా, తోడుగా కాసేపు ఒరిగాను."

"కొంచెం నెమ్మదిగా రావాల్సింది."

"నెమ్మదిగానే వచ్చానండీ. ఇంతకన్నా నెమ్మదిగా రావాలంటే నిన్న బయల్దేరాలి."

ఎదురింటి లాస్మి కిటికీలోంచి నవ్వింది. పోనియా ఎడం చేత్తో గట్టుని తట్టి చూసింది.

"ఎవడు కలిపాడో గానీ, పెచ్చు కూడా లేవలేదు. రాజుగారి కోటక్కూడా ఇంత సిమెంటు వాడి ఉండరు."

నేను తల వంచుకుని గాజు పెంకులు ఏరాను.

పోనియా వెళ్లేది పెద్ద రోడ్డుకి అవతల, బట్టల మీద మైనంతో బొమ్మలు వేసే షెడ్డుకి. అక్కడ పదకొండు మంది ఆడవాళ్లు పనిలోకి దిగే ముందు గేటు దగ్గర నిలబడి ఒక్కో గ్లాసు కషాయం తాగుతారు. ఆరున్నరకి గేటు వేసేస్తారు. ఆ పదకొండు మందీ ఆమె పొద్దుటి బేరంలో సగం. వాళ్ల అమ్మ ఇవే కషాయాలు బుట్టలో పెట్టి వీపున కట్టుకుని తిరిగేది. పోనియా నడుముకి ఆ బరువు పనికిరాదని ఆరోగ్య కేంద్రంలో రెండేళ్ల కిందటే చెప్పారు. కాబట్టి సైకిలు ఉంటే బేరం, లేకపోతే లేదు. ఆరు సెంటీమీటర్ల గట్టుని సీసాలు పగలకుండా దాటడం ఆమెకి తెలుసు. పన్నెండు సెంటీమీటర్లంటే సైకిలుని ఎత్తి అవతల దించాలి. సీసాలూ గ్లాసులు కడిగే బకెట్టూ కలిపి నలభై కిలోలు. నేను మార్కెట్ ముందు బళ్లు నిలబెట్టే పనివాణ్ని, ఉదయం నాలుగున్నరకే వెళ్లిపోతాను. మొదటి రెండు రోజులు పక్కింటివాళ్లు వచ్చి ఎత్తి దించారు. మూడో రోజు తలుపులు ఆలస్యంగా తెరుచుకున్నాయి. నాలుగో రోజు నుంచి ఆమె ఎవరినీ అడగలేదు.

పోనియా చేతికి కట్టు కట్టించుకుని వచ్చి, "రేపు నువ్వు వెళ్లు" అంది.

"నేనా?"

"సైకిలు తొక్కడం వచ్చుగా?"

"అలాగే" అన్నాను.

సోమవారం నా పని నాతో పనిచేసే గియోనోకి అప్పగించి అయిదూ యాభైకి బయల్దేరాను. ఎనిమిదో గట్టు దగ్గర సీసాలు దించి, సైకిలు దాటించి, మళ్లీ సర్దడానికి ఆరు నిమిషాలు. పెద్ద రోడ్డు మీద ఫుట్‌పాత్ ఎక్కితే జెండాలమ్మేవాడు వెదురు కర్రలు అడ్డంగా పరిచి ఉన్నాడు.

"కాస్త జరుపు తమ్ముడూ."

"స్వాతంత్ర్య దినోత్సవం అన్నా! దేశం కోసం చుట్టూ తిరిగి వెళ్లలేవా?"

కిందికి దిగితే నీళ్ల పైపు కోసం తవ్విన గొయ్యి. గొయ్యి దాటితే ఒక సూప్ బండి, దాని బెంచీ, బెంచీ మీద నలుగురు. వాళ్లు కాళ్లు ముడుచుకున్నారు, బెంచీ ముడుచుకోలేదు. షెడ్డుకి వెళ్లే వీధి మొదట్లో పెళ్లి పందిరి. ఈ మూల నుంచి ఆ మూల దాకా దారి మూసేశారు. పూలదండ వేసుకున్న పెద్దాయన నా చేతిలో ఒక మిఠాయి పొట్లం పెట్టి, నవ్వి, వెనక్కి దారి చూపించాడు. ఏడు వందల మీటర్లు చుట్టు తిరిగి మార్కెట్ ముందుకొచ్చాను. ఫుట్‌పాత్ మొత్తం మోటారు సైకిళ్లు, ఎండకి సీట్లు కాలకుండా మీద అట్టముక్కలు. రోడ్డు మీద బస్సులు. దూరే చోటు లేదు.

అది నా ఫుట్‌పాత్. ఆ వరస నేను పెట్టిన వరస.

"గియోనో, ఒక్క బండి జరపరా, సైకిలు పోతుంది."

"ఒకటి జరిపితే పన్నెండు జరపాలన్నా. నువ్వు నేర్పిన సూత్రమే కదా!"

"నా మీదే ప్రయోగిస్తావురా?"

"మొన్న ఒకాయన చక్రాల కుర్చీలో వస్తే నువ్వూ ఇదే చెప్పావు."

పన్నెండు బళ్లు ఇద్దరం కలిసి జరిపాం. షెడ్డు గేటు దగ్గరికి చేరేసరికి ఆరూ నలభై ఒకటి. గేటు వేసి ఉంది. కాపలావాడు వాచీ చూపించాడు.

"వారంగా సరిగ్గా రావట్లేదని పక్క కొట్లో పొట్లం పొడి కొనుక్కుని నీళ్లలో కలుపుకుంటున్నారన్నా. ఇవాళ పదకొండు మందీ అదే తాగారు."

ఇంటికి నిండు సీసాలతో వచ్చాను. పోనియా చాప మీద కూర్చుని పసుపు కొమ్ములు ఎడం చేత్తో చెక్కు తీస్తోంది. ఎక్కడెక్కడ ఆగానో అన్నీ చెప్పించుకుంది.

"పెళ్లి పందిరి ఎల్లుండి పోతుంది" అంది. "జెండాలవాడు నెలాఖరుకి పోతాడు. నీ బళ్లు పదకొండింటికి పోతాయి. మన సందులో పడుకున్నవాడు ఎప్పుడు లేస్తాడు?"

నేను మిఠాయి పొట్లం ఇచ్చాను. ఆమె తీసుకోలేదు.

ఆగస్టు పది, ఆదివారం, సాయంత్రం నాలుగింటికి సుదర్యో గారి వరండాలో కొత్త సందు పెద్దని ఎన్నుకునే సమావేశం జరిగింది. సుదర్యో గారు తొమ్మిదేళ్లు చేశారు, ఇక కళ్లు కనబడటం లేదన్నారు. ఇంటికొకరు చొప్పున మగవాళ్లం గోడల వెంబడి చాపల మీద కూర్చున్నాం. ఆడవాళ్లు వెనక వంటింట్లో టీ కాస్తున్నారు.

కొత్త పెద్ద ఎవరో అందరికీ తెలుసు. హార్దోనో గారు ఇస్త్రీ బాతిక్ చొక్కా వేసుకొచ్చారు. బావికి అటు ఇంకో రెండు గట్లు పోయిస్తారని కూడా తెలుసు. పోనియాకి కూడా తెలుసు. ఆ రెండూ వస్తే సైకిలు అమ్మేయడమే అని పొద్దున నాతో అంది.

మా దగ్గర పదవి ఇస్తామంటే మొదటిసారి వద్దనాలి. రెండోసారి ఇంకా గట్టిగా వద్దనాలి. మూడోసారి అడిగితే 'ఇంతమంది ఇంతగా అంటుంటే' అని తల వంచాలి. టీ సంగతీ అంతే. మొదటి పిలుపుకే గ్లాసు ముట్టుకునేవాడు మా సందులో లేడు.

"హార్దోనో గారూ, ఈసారి మీరే చెయ్యాలి" అన్నారు సుదర్యో గారు.

"అబ్బే, నేనా! నాకేం తెలుసండీ, కాగితాలు రాసుకునేవాణ్ని."

"మీకంటే తెలిసినవాళ్లెవరండీ? అందరి మాటా అదే."

"లేదు లేదు. వయసు అరవై ఆరు. మోకాళ్లు చూశారా? కుర్రాళ్లెవరికైనా ఇవ్వండి. నా వల్ల కాదు. కానే కాదు."

ఆయన చొక్కా సర్దుకున్నారు. సుదర్యో గారు మూడోసారికి గొంతు సవరించుకున్నారు. అప్పుడే పోనియా టీ పళ్లెంతో లోపలికొచ్చింది. బాగున్న చెయ్యి కింద, కట్టు కట్టిన చెయ్యి పైన.

"పాపం, పెద్దాయన రెండుసార్లు వద్దన్నారు కదండీ" అంది. "మోకాళ్లు కూడా చూపించారు. ఇంకా బలవంతపెడితే ఎలా? ఆయనేమన్నా అబద్ధమాడతారా?"

హార్దోనో గారి నోరు కొంచెం తెరుచుకుని ఉంది. ఆయన అబద్ధమాడారని చెప్పకుండా మూడోసారి అడగడం ఎలాగో సుదర్యో గారికి తోచలేదు. ఇబ్బంది కప్పిపుచ్చుకోవడానికి నవ్వారు.

"అయితే నువ్వు చేస్తావేంటి తల్లీ?"

చాపల మీద అందరూ నవ్వారు.

"చేస్తాను" అంది పోనియా.

నవ్వు ఆగిపోయింది. మొదటిసారికే సరే అన్న మనిషితో తర్వాత ఏం చెయ్యాలో మాలో ఎవరికీ తెలీదు. సమావేశంలో జరిగింది రాసుకునే కుర్రాడు పెన్ను పట్టుకుని సుదర్యో గారి వైపు చూశాడు.

"రాయమంటారా?"

"ఆయన అడిగారు, నేను ఒప్పుకున్నాను" అంది పోనియా. "ఇంకేం కావాలి? పో-ని-యా. టీ చల్లారిపోతోంది, తీసుకోండి."

వంటింటి గుమ్మంలో లాస్మి రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని ఉంది. కుర్రాడు రాశాడు.

హార్దోనో గారు టీ ముట్టుకోలేదు.

"ముందుగా ఏం చేస్తావు? నా గుమ్మం ముందున్నది పగలగొట్టిస్తావా?"

"మీ ఒక్కరిదే ఎందుకండీ, మిమ్మల్ని అవమానించినట్టుంటుంది. ఎనిమిదీ."

"మీ ఆయన్నడుగు. మా గట్టుకి సిమెంటు కలిపింది ఆయనే."

పోనియా నా వైపు తిరిగింది. పళ్లెం కింద పెట్టింది.

"ఇసుక ఎన్ని పాళ్లు కలిపావు?"

"ఒకటికి రెండు" అన్నాను.

"మన ఇంటి గోడకి ఒకటికి ఆరు కలిపావు."

ఆమె వెళ్లి హార్దోనో గారి ఎదుట చాప మీద కూర్చుంది. అప్పటిదాకా ఆ వరండాలో ఆడమనిషి కూర్చోగా నేను చూడలేదు.

"సెకర్ కాలు విరిగినప్పుడు కషాయం కాచి పట్టుకొచ్చింది నేనేనండీ. దాని ఏడుపు నాకూ వినబడింది. గట్టు పోశారు. ఆ మర్నాడు అదే బండి గట్టు ఎక్కి దూకి అంతే వేగంగా పోయింది. మీరూ చూశారు. గట్లు బళ్లనేం ఆపడం లేదు. ముసలాళ్లనీ సైకిళ్లనీ ఆపుతున్నాయి."

"అయితే?"

"సందులో ఇంజనే వద్దు. మొదట్లోనే ఆపి, దిగి, తోసుకుంటూ రావాలి. వెళ్లేటప్పుడూ అక్కడి దాకా తొయ్యాలి. ముప్ఫై ఆరు మందీ."

వరండా అంతా ఒక్కసారి మాట్లాడింది. ఆఫీసులకి ఆలస్యమవుతుందన్నారు. వానొస్తే అన్నారు. కొత్త బండి కొన్నది తోసుకోడానికా అని ఒకడన్నాడు. హార్దోనో గారు చెయ్యెత్తారు.

"ఎవరూ దిగరు. రెండో రోజుకే ఎక్కి పోతారు."

"ఒక్క వారం చూద్దాం. రేపు పొద్దుటి నుంచి శనివారం సాయంత్రం నమాజు పిలుపు దాకా. సందు మొదట్లో సున్నపు గీత గీస్తాం. ఇంజను నడుస్తూ ఒక్క బండి ఆ గీత దాటినా గట్లు ఉంటాయి, నేను దిగిపోతాను, మీరు పెద్ద. ఒక్కటీ దాటకపోతే ఆదివారం ఎనిమిదీ పగలగొడదాం."

హార్దోనో గారు జేబులోంచి పుస్తకం తీసి ఒప్పందం రాసుకున్నారు. పైకి చదివారు. "లెక్క నేను చూస్తాను" అన్నారు.

ఇంటికి వస్తుంటే పోనియా నాతో ఒకే మాటంది. "విజిల్ నీ దగ్గరుందిగా?"

ఆ వారం గియోనోతో పూట మార్చుకున్నాను. పొద్దున అయిదున్నర నుంచి ఎనిమిదిన్నర దాకా, మళ్లీ నాలుగు నుంచి చీకటి పడేదాకా సందు మొదట్లో నా పనిలో వేసుకునే నారింజ రంగు చొక్కాతో నిలబడ్డాను. మధ్యలో లాస్మి. పులిసిన సోయా గింజల టెంపేతో ఆమె వేసే బజ్జీల బండి అక్కడే ఉంటుంది. గీత దగ్గరే హార్దోనో గారు కుర్చీ వేయించుకున్నారు.

సోమవారం ఆరింటికి లోపలి నుంచి మొదటి బండి వచ్చింది. రాసుకునే కుర్రాడు.

"అన్నా, ఈ ఒక్క రోజుకి వదిలెయ్యవా? ఆలస్యమైపోయింది."

అలాగే అనే మాట నోటి దాకా వచ్చింది. హార్దోనో గారు పెన్ను తెరిచారు.

"అలాగే" అన్నాను. "దిగు."

దిగాడు. ఇరవై ఆరేళ్ల కాపురంలో నేను ఒకరి పని ఆపడం అదే మొదలని పోనియా తర్వాత లాస్మితో అందట.

మంగళవారం గ్యాస్ సిలిండర్లవాడు రెండు వైపులా రెండేసి కట్టుకుని వచ్చాడు. "వీటిని తొయ్యమంటావా? నా నడుమేం కావాలి?" అని అరిచాడు. "మా పోనియక్క నడుం సంగతి ఇన్నాళ్లూ అడిగావా?" అని లాస్మి అంతకంటే గట్టిగా అరిచింది. నలుగురు పిల్లలు వెనక నుంచి తోశారు. బుధవారం పాట పెట్టుకుని తిరిగే రొట్టెలబ్బాయి బండి ఆపాడు, పాట ఆపలేదు. పాట ఇంజను కాదని హార్దోనో గారు తీర్పు చెప్పారు. ప్రతి సాయంత్రం ఆయన పుస్తకంలో సున్నా వేసి, నాకు చూపించి, మూసేవారు. పిల్లలు ఆ సున్నాల్ని గోడ మీద బొగ్గుతో రాయడం మొదలుపెట్టారు. ఒకటి, రెండు, మూడు. పక్క సందులవాళ్లు చూడ్డానికి వచ్చారు. మేం గెలుస్తామా లేదా అని మార్కెట్‌లో పందేలు కాశారట. గియోనో మా వైపు కాయలేదు.

తోసుకుంటూ నడిచేవాళ్లు మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. ఆరేళ్లుగా ఎదురెదురు ఇళ్లలో ఉంటున్న ఇద్దరు, ఇద్దరిదీ ఒకే ఆఫీసని గురువారం కనుక్కున్నారు. అదే రోజు సాయంత్రం నాలుగున్నరకి సెకర్ కాలికి పిండికట్టుతోనే ఒక్కతే గుమ్మం దిగింది. గోడ పట్టుకుని సందు మధ్యకి వచ్చి కూర్చుని సుద్దముక్కతో గళ్లు గీసుకుంది. హార్దోనో గారు కుర్చీలోంచి సగం లేచారు. మళ్లీ కూర్చున్నారు.

పోనియా ఆ వారమంతా సంచీలో రెండు సీసాలే పెట్టుకుని నడిచి, రిక్షాల స్టాండు దాకా వెళ్లొచ్చింది. షెడ్డు వైపు వెళ్లలేదు. వెళ్లి ఏం చెప్పాలి, శనివారం కానీ అనేది.

శనివారం, పదహారో తేదీ. సాయంత్రం అయిదింటికి సందంతా బయటే ఉంది. మర్నాడు స్వాతంత్ర్య దినోత్సవం. నిచ్చెనలు వేసుకుని ఎరుపు, తెలుపు కాగితం జెండాలు కడుతున్నారు. పోనియా దారం ఉండ పట్టుకుని కింద నిలబడింది. నమాజు పిలుపు అయిదూ నలభైకి. పిల్లలు నిమిషాలు లెక్కపెడుతున్నారు.

అయిదూ ఇరవైరెండుకి పెద్ద రోడ్డు మీంచి ఒక బండి మా వైపు తిరిగింది. విజిల్ నోట్లో పెట్టుకున్నాను. నడిపేవాడి టోపీ కనబడింది. ఖాకీ చొక్కా కనబడింది. ఒక్క క్షణం ఆగాను. తర్వాత ఊదాను.

బండి ఆగింది. ఆయన నన్ను కింద నుంచి పైకి చూశాడు.

"విజిల్ నాకా?"

"దిగాలి సార్. ఇంజను ఆపి తోసుకుంటూ వెళ్లాలి."

"ఎవరి ఆర్డరు?"

"సందు పెద్దదండీ."

"ఎవరా పెద్ద? రేపటి పండగ పోటీలకి అనుమతి కాగితం ఆయనకే ఇవ్వాలి."

"ఆయన కాదండీ, ఆవిడ. మా ఆవిడ."

"ఇంట్లో కూడా ఆవిడేనా పెద్ద?"

"వారం నుంచి రెండు చోట్లా అండీ."

నిచ్చెన మీదున్నవాళ్లు నవ్వారు. పోలీసాయన తాళం తిప్పాడు, దిగాడు, హ్యాండిల్ పట్టుకున్నాడు.

"చూశారా!" అని అరిచింది లాస్మి. "ఎనిమిది మందీ పడుకునే ఉన్నారు. తొమ్మిదోవాడు నడుస్తున్నాడు!"

సందంతా చప్పట్లు కొట్టింది. పిల్లలు గెంతారు. హార్దోనో గారు కుర్చీలోంచి లేచారు.

"ఆగండి. ముందు చక్రం గీత దాటింది."

చప్పట్లు ఆగాయి. ఆయన జేబులోంచి టేపు తీసి, వంగి, కొలిచారు. తొమ్మిది సెంటీమీటర్లు. పోలీసాయన బండి పట్టుకుని కదలకుండా నిలబడ్డాడు.

"విజిల్ వినగానే ఆపానే" అన్నాడు.

హార్దోనో గారు నా వైపు తిరిగారు.

"తుకీరన్, దగ్గరున్నది నువ్వు. చక్రం గీత దాటినప్పుడు ఇంజను నడుస్తోందా?"

అందరూ నన్నే చూస్తున్నారు. లేదు అని లాస్మి తల అడ్డంగా ఊపుతోంది. పోనియా ఏమీ ఊపలేదు.

"నడుస్తోందండీ" అన్నాను. "టోపీ చూసి నేను ఆలస్యంగా ఊదాను."

లాస్మి నుదురు కొట్టుకుంది. పోనియా దారం ఉండ నిచ్చెన మెట్టు మీద పెట్టి గీత దగ్గరికి వచ్చింది.

"ఒప్పందం ఒప్పందమే" అంది. "గట్లు ఉంటాయి. హార్దోనో గారూ, ఇక మీరే పెద్ద."

"వద్దు" అన్నారు హార్దోనో గారు.

"అలా కాదండీ, మాటిచ్చాను."

"వద్దమ్మా."

"మూడోసారి అడుగుతున్నానండీ. మీరే ఉండండి."

"మొన్న రెండుసార్లు వద్దంటే నమ్మావు. ఇవాళ మూడుసార్లు వద్దంటే నమ్మవేం?"

పుస్తకం తెరిచి, సున్నా వేయాల్సిన చోట తొమ్మిది సెంటీమీటర్లు అని రాశారు. తేదీ వేశారు. మూసి జేబులో పెట్టుకున్నారు.

"రేపు ఆరింటికి సమ్మెట నేను తెస్తాను. మీ ఆయన్ని పంపు. కలిపినవాడే పగలగొట్టాలి."

ఎవరు మొదలుపెట్టారో తెలీదు, సందు మొత్తం కేకలు వేసింది. నిచ్చెన మీంచి జెండాల దారం తెగి కింద పడింది. ఆ గోలలో పోలీసాయన గొంతు పెంచాడు.

"మరి నేను బండెక్కొచ్చా?"

"వద్దు!" అన్నారు అందరూ.

పోనియా వెంట మా ఇంటి దాకా తోసుకుంటూ వెళ్లి, సంతకం చేయించుకుని కాగితం ఇచ్చి, తోసుకుంటూ తిరిగొచ్చాడు. లాస్మి రెండు బజ్జీలు పొట్లం కట్టి ఇచ్చింది.

ఆదివారం ఉదయం ఆరింటికి మొదలుపెట్టాం. ఏడు గట్లు గంటలో పోయాయి. ఎనిమిదోది హార్దోనో గారూ నేనూ వంతులేసుకుని కొడితే గంటా నలభై నిమిషాలు పట్టింది. మధ్యలో ఆయన ఆగి చెమట తుడుచుకుంటూ, "ఒకటికి రెండేమిటయ్యా, ఒకటికి అయిదు చాలేది కదా" అన్నారు. "మీరు గట్టిగా ఉండాలన్నారు కదండీ" అన్నాను. తొమ్మిదింటికి సిమెంటు పెళ్లలన్నీ ఏటి ఒడ్డున గుంటలో పోశాం. పదింటికి పోటీలు మొదలయ్యాయి.

సోమవారం, ఆగస్టు పద్దెనిమిది. నేను మళ్లీ నాలుగున్నరకి మార్కెట్‌కి వెళ్లాను. ఫుట్‌పాత్ గోడ పక్కన సైకిలు పట్టేంత దారి వదిలి బళ్లు నిలబెట్టాను. నా వరసలో పదకొండు బళ్లు తగ్గాయి, గియోనో తిట్టాడు. పైపు గొయ్యి ఇంకా పూడ్చలేదు కాబట్టి పోనియా అటు చుట్టు తిరిగి, ఆరూ పన్నెండుకి ఆ దారిలోంచి వచ్చింది. నా వైపు చూడలేదు, బెల్లు కొట్టింది. ఆరూ ఇరవైకి షెడ్డు గేటు దగ్గర సైకిలు ఆపింది. పదకొండు మందిలో ఆ రోజు తొమ్మిది మంది ఆమె దగ్గర తాగారు. పదో మనిషి మంగళవారం వచ్చింది. పదకొండో మనిషి పొట్లం పొడే బాగుందంది. రాలేదు.